గ్లవ్ తీశాక సలాం

ఆయన పోయాడన్న కబురు నాకు గంటన్నర ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యానికి కారణం కూడా ఆయనే. ఒమాన్‌లో, సోహార్‌లోని మా ప్లాంట్‌లో ఆ పొద్దున రెండు క్రేన్లు పెట్టి ఒక పొడవాటి ట్యాంకును ఎత్తుతున్నాం. కింద నిలబడి చేతి సైగలతో రెండు క్రేన్లనూ నడిపించేవాణ్ణి నేను. జేబులో ఫోన్ రెండుసార్లు వణికింది. కుడిచేతికి గ్లవ్ ఉన్నంతసేపూ ఫోన్ ముట్టుకోకూడదు, పిలిస్తే పలకకూడదు, ఎవరు సలాం చేసినా తిరిగి చేయకూడదు. ఈ అలవాటు ఆయన పెట్టిందే. ట్యాంకు దాని దిమ్మె మీద కుదురుకుని, బోల్టులు బిగిసి, హుక్కులు విడిపించాక గ్లవ్ తీసి ఫోన్ చూసి, తిరిగి చేశాను. కడప నుంచి ఆయన పెద్దకూతురి గొంతు.

"అన్నా, మా నాయన పొద్దన్నే నమాజుకని లేసి, వజూకు కాళ్లూ చేతులూ కడుక్కుంటా కూలబడిపోయినాడు. మీకు చెప్పల్ల అనిపించింది."

అంతే. ఏడుపు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే అలసట వచ్చింది. సైట్‌లో ఆఫీసుగా వాడే కంటైనర్‌లోకి వెళ్లి, ఏసీ కింద స్టూలు మీద కూర్చుని, చేతిలోని గ్లవ్ వైపు చూస్తూ ఉండిపోయాను. పద్నాలుగేళ్లుగా ఈ దేశంలో ఎత్తిన బరువులన్నీ ఒక్కసారి భుజాల మీదికి వచ్చినట్టయింది.

ఆయన్ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. పాస్‌పోర్టులో ఉన్న పేరు నాకు తెలుసు. ఆ పేరుతో ఆయన్ను ఎవరూ పిలవగా వినలేదు కనక ఇక్కడా రాయను. కడప మనిషి. ఇంట్లో దక్కనీ, మాతో రాయలసీమ తెలుగు, క్రేన్ ఆపరేటర్లతో హిందీ. పొట్టిగా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. బరువులెత్తే పనికి ఆయన సూపర్‌వైజర్, నేను ఆయన కింద రిగ్గర్‌ని. అంటే బరువుకు స్లింగులు చుట్టి హుక్కుకు తగిలించేవాణ్ణి.

దేన్ని చూసినా ఆయన ముందు అడిగే మాట "అలిసిపోయిందా?" అని. తీగ తెగిన స్లింగును చూసి "అలిసిపోయింది పాపం" అనేవాడు. రూమ్‌లో పాత రైస్ కుక్కర్ మొరాయిస్తే "దాన్ని తిట్టొద్దు, అలిసిపోయింది" అనేవాడు. పనికిరాని స్లింగును అట్లాగే పారేస్తే ఎవరైనా తీసి మళ్లీ వాడతారని, కట్టర్‌తో రెండు ముక్కలు చేసేవాడు. చేస్తూ దానితో మెల్లగా "నీ డ్యూటీ అయిపోయింది, పో నాయనా" అనేవాడు. చక్కెర విషయంలో మాత్రం ఈ దయ ఏమీ ఉండేది కాదు. పాలు లేని సులేమానీ చాయ్‌లో మూడు చెంచాలు పడకపోతే వంటవాడితో సాయంత్రం దాకా యుద్ధమే.

ఆయన గ్లవ్ ఆకుపచ్చది, కుడిచేతికి ఒక్కటే. ఎడమచేతిది ఏమైందని అడిగితే "దానికి డ్యూటీ ల్యా" అనేవాడు. ఆ ఒక్క గ్లవ్ తొడిగాడంటే మనిషి మారిపోయేవాడు. కళ్లు హుక్కు మీద, చెయ్యి గాలిలో. అప్పుడు సుల్తానే వచ్చి పలకరించినా పలకడు. నేను కొత్తగా చేరిన వారంలోనే మా ఒమానీ మేనేజరు అటుగా వస్తూ, గుండె మీద చెయ్యి వేసుకుని "అస్సలాము అలైకుం" అన్నాడు. ఉస్తాద్ అటు చూడనైనా చూడలేదు. మేనేజరు ముఖం ఎర్రబడింది. ఇక ఈయన పని అయిపోయిందనుకున్నాను.

గంట తరవాత బరువు దిగింది. ఉస్తాద్ గ్లవ్ తీసి జేబులో పెట్టుకుని, ముఖం కడుక్కుని, నన్ను వెంట రమ్మన్నాడు. నేరుగా మేనేజరు గదికి వెళ్లి తలుపు దగ్గర నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని అన్నాడు.

"వ అలైకుం అస్సలాం, సాబ్. యే సాఢే దస్ బజే వాలా హై."

ఇది పదిన్నరది. మేనేజరుకు ఒక నిమిషం దాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నవ్వాడు. తరవాత తరవాత ఆయన ఉస్తాద్‌కు కావాలనే సలాం చేసి, ఎన్నింటికి వాపసు వస్తుందా అని ఆఫీసులో ఎదురు చూసేవాడు. ఇట్లా ఉస్తాద్ సైట్ అంతా తిరిగి, ఎనిమిదింటి సలాం డ్రైవర్‌కు, తొమ్మిదింటిది వెల్డర్‌కు, ఎవరిది వాళ్లకు అప్పజెప్పి కానీ అన్నం ముందు కూర్చునేవాడు కాదు.

"ఒక్క సలాం పోతే ఏమైతది ఉస్తాద్? గింత ఎండల తిరుగుడెందుకు?" అని ఒకరోజు అడిగాను.

"సలాంకు జవాబు చెప్పేది వాజిబ్ రా. ఎగ్గొడితే పైన అడుగుతారు. ఆలస్యమైతే మాత్రం ఏమీ అనరు, డ్యూటీలో ఉండాడని వాళ్లకూ తెలుసు" అన్నాడు.

అందరం దాన్ని ముసలాయన చాదస్తం కిందే లెక్కవేశాం. నేనూ అంతే. ఆ గ్లవ్‌కూ సలాంకూ మధ్య ఏముందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

కంటైనర్‌లో నీళ్ల కూలర్ పైన ఒక బొమ్మ అంటించి ఉండేది. పాత లిఫ్ట్ ప్లాన్ కాగితం వెనక పెన్సిల్‌తో ఆయనే గీశాడు. పొడవాటి హెలికాప్టర్. ముందు ఒక పంకా, వెనక ఒక పంకా. ముందుకాళ్లు పొడుగు, వెనకకాళ్లు పొట్టి, అందుకని నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకెత్తుకుని కూర్చున్నట్టు ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి "ఓ, చినూక్!" అనేవాడు. ఉస్తాద్‌కు ఒళ్లు మండేది.

"చినూక్ అమెరికా వాళ్లది. ఇది ఇంగ్లీషు వాళ్లది. బెల్వెడేర్. మా నాయన దీని కింద పని చేసినాడు."

వాళ్ల నాన్న అరవైలలో అరబ్బు తీరంలోని ఏడెన్‌కు వెళ్లి, బ్రిటిష్ సైన్యపు విమానాల అడ్డాలో కూలీగా చేరాడు. గాలిలో నిలబడ్డ హెలికాప్టర్ కిందికి వెళ్లి, నీళ్ల పీపాలనో, ఫిరంగి ముక్కలనో వలలో కట్టి, దాని పొట్ట కింది కొక్కేనికి తగిలించే పని. అంటే వాళ్లది తండ్రీకొడుకులిద్దరిదీ ఒకటే వృత్తి, కాకపోతే కొడుకు హుక్కు క్రేన్‌కు వేలాడుతుంది, తండ్రిది ఆకాశానికి వేలాడేది. చాయ్ చేతికి అందితే చాలు, ఉస్తాద్ ఆ కథలు మొదలుపెట్టేవాడు. ముందుకాళ్లు పొడుగు కావడంతో తలుపు మనిషి ఛాతీ ఎత్తులో ఉండేదట. చెక్కపెట్టెల మీద ఎక్కి సామాను తొయ్యాల్సి వచ్చేదట. ముందు ఇంజన్ సరిగ్గా పైలట్ వీపు వెనకే ఉండేదట. దాన్ని స్టార్ట్ చేస్తే బాంబు పేలినట్టు చప్పుడు, ఒక్కోసారి మంట. అందుకని ఒకడు మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కనే నిలబడాలి. వాళ్ల నాన్న కనుబొమ్మలు రెండుసార్లు కాలాయట.

"మరి గసొంటిదాన్ని ఎందుకు అంత మెచ్చుకుంటవు?" అంటే రెండు చేతులూ చాచి, వేళ్లు విడదీసి చూపించేవాడు. కుడిచేతి వేళ్ల సందుల్లోంచి ఎడమచేతి వేళ్లు తగలకుండా దూరిపోయేవి.

"ముందరి పంకా ఇట్ల తిరుగుతాది, ఎనకది అట్ల. రెండిటి రెక్కలు నడాన ఒకదాని దావలోకి ఒకటి వస్తాయి. తగలవు. ఎందుకు తగలవు చెప్పు?"

వందసార్లు విన్నా చెప్పకూడదు. ఆయనే చెప్పాలి.

"నడినెత్తిన ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక షాఫ్ట్ ఉండాది. రెండు పంకాలనూ అది కట్టి పెడతాది. రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోయినా, రెండోది ఆ షాఫ్ట్‌తోనే రెండు పంకాలనూ తిప్పుతాది. మన రెండు క్రేన్లకు అట్లాంటి షాఫ్ట్ ల్యా. మనకు షాఫ్ట్ ఇదో, ఇదే." అంటూ గ్లవ్ తొడిగే చెయ్యి చూపించేవాడు.

ఇంగ్లీషు వాళ్లు తొలిరోజుల్లో చేసిన పెద్ద హెలికాప్టర్లన్నీ ఆయనకు దగ్గరి చుట్టాలే. శుక్రవారం సెలవునాడు మంచం మీద ఒరిగి, ఫోన్‌లో వాటి నలుపు తెలుపు వీడియోలు శబ్దం లేకుండా చూసేవాడు. మూడు పంకాలున్నది ఒకటి చేశారట. అప్పట్లో లోకంలో అంతకన్నా పెద్దది లేదు. మూడింటినీ తిప్పేది ఒకటే ఇంజన్. గాలిలో ఉండగా లోపలి భాగం ఒకటి విరిగి కూలిపోయింది, అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. "ఇనుము అలిసిపోయింది రా. పైకి చూస్తే ఏమీ తెలీదు, నిగనిగలాడతా ఉంటాది" అనేవాడు. ఇంకొకటి బరువుల కోసమే చేసింది, మొదట్లో పైన రేకు కూడా వేయకుండా ఉత్త ఇనుప చట్రంతోనే ఎగిరిందట. "బాగా ఎగిరింది. అయినా చాలనేసినారు" అని ఫోన్ బోర్లా పెట్టేసేవాడు. ఆయన ముఖం చూస్తే సొంత మనిషిని పనిలోంచి తీసేసినట్టుండేది.

ఇక ఆ రోజు గురించి. రాయకుండా దాటేయవచ్చు, ఇన్నేళ్లూ దాటేస్తూనే వచ్చాను.

తొమ్మిదేళ్ల కింద, ఎండాకాలం. రెండు క్రేన్లతో ఒక పెద్ద స్టీలు డ్రమ్మును ఎత్తాలి. ఉస్తాద్‌కు జ్వరం. కంటైనర్ నీడలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుని నన్ను పిలిచాడు. సిగ్నల్ ఇచ్చేందుకు అనుమతి కార్డు నాకు కొత్తగా వచ్చింది. గ్లవ్ తీసి నా చేతిలో పెట్టి "ఈ పొద్దు నువ్వు చెయ్. నేను ఈడనే ఉంటా" అన్నాడు. గ్లవ్ లోపల ఇంకా వేడిగా ఉంది. గర్వంతో తొడుక్కున్నాను.

డ్రమ్ము మనిషి ఎత్తు లేచింది. రెండు క్రేన్లూ ఒకే తీరున వస్తున్నాయి. అప్పుడు డ్రమ్ము కొన్న కంపెనీ తరఫు ఇన్‌స్పెక్టర్ ఒకాయన నా పక్కనుంచి పోతూ సలాం చేశాడు. నా కార్డు మీద సంతకం పెట్టిన మనిషి. మా కరీంనగర్ గల్లీలో పెద్దమనిషి సలాం చేస్తే చెయ్యి నుదుటిదాకా లేవకుండా ఉండదు. పుట్టినప్పటి నుంచి లేస్తున్న చెయ్యి, నన్ను అడక్కుండా లేచింది. ఆకుపచ్చ గ్లవ్‌తో సహా లేచింది.

క్రేన్ క్యాబిన్‌లోంచి చూసేవాడికి పైకి లేచిన చేతిలో ఒకటే మాట కనిపిస్తుంది, ఎత్తమని. కుడివైపు ఆపరేటర్ ఎత్తాడు. ఎడమవైపు ఆపరేటర్‌కు నా భుజం అడ్డం వచ్చి చెయ్యి కనిపించలేదు, అతను ఎత్తలేదు. డ్రమ్ము ఒక పక్కకు ఒరిగింది. స్లింగు జానెడు జారి కీచుమంది. కొస వెళ్లి పైపుల స్టాండుకు తగిలి దాన్ని వంచేసింది. నాకు చెయ్యి దించాలని కూడా తోచలేదు. జ్వరం మనిషి ఈల ఊదుకుంటూ, రెండు చేతులూ చాచి పరిగెత్తుకొచ్చి రెండు క్రేన్ల మధ్య నిలబడ్డాడు. రెండూ ఆగిపోయాయి. కింద ఎవరూ లేకపోవడం వల్ల ప్రాణాలు పోలేదు.

డ్రమ్మును నేల మీదికి దించాక ఉస్తాద్ నా దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. ధైర్యం చెప్పడానికనుకున్నాను. ఆయన ఒక్కో వేలి నుంచీ లాగి గ్లవ్ ఊడదీసి, తన చేతికి తొడుక్కున్నాడు. సేఫ్టీ వాళ్లు జీపులో వచ్చేసరికి గ్లవ్ ఆయన చేతికే ఉంది.

"సిగ్నల్ కిస్‌కా థా?" అని అడిగారు, సైగ ఎవరిదని.

"జిస్‌కే హాథ్ మే గ్లవ్ హై, ఉసీకా" అన్నాడు, గ్లవ్ ఎవరి చేతికుంటే వాళ్లదేనని.

ఆపరేటర్లిద్దరూ నావైపు చూశారు, ఆయనవైపు చూశారు, ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కార్డు పోతే నన్ను ఇంటికి పంపించేస్తారు, చేరి ఐదేళ్లు కూడా కాలేదు, ఇట్లా వంద కారణాలు అప్పుడు నా నోటికి అడ్డం పడ్డాయి. ఇప్పుడు చూస్తే అవన్నీ కలిపి ఒకటే, భయం.

పదిరోజులకు విచారణ ముగిసింది. ముప్పై ఏళ్లు బరువులెత్తిన మనిషిని ఇక లిఫ్టింగ్ పనికి పనికిరాడని రాసి, రైసూత్‌లోని కంపెనీ స్టోర్‌కు పంపించారు. అక్కడ స్లింగులకు తగిలించే షాకిళ్లూ బోల్టులూ చూసుకోవాలి. సోహార్‌కు వెయ్యి కిలోమీటర్లు పైనే. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయన కంటైనర్‌లో బొమ్మకున్న టేపు ఊడదీస్తుంటే వెళ్లాను.

"ఉస్తాద్, నేను పోయి చెప్త. చెయ్యి లేపింది నేనేనని చెప్త."

"చెప్పి ఏం చేస్తావు? రెండు ఇంజన్లూ ఆపుతావా?" అని కాసేపు టేపుతోనే కుస్తీ పట్టాడు. తరవాత కూలర్ పక్కన కూర్చున్నాడు. "తప్పు నాది రా అబ్బీ. గ్లవ్ ఇచ్చినా గానీ, సలాం సంగతి చెప్పల్యా. చెప్తే మా నాయన సంగతి గూడా చెప్పాల్సొస్తాది."

అప్పుడు చెప్పాడు. ఏడెన్‌లో ఒకరోజు వాళ్ల నాన్న హెలికాప్టర్ కింద నిలబడి సైగ చేస్తున్నాడు. వలలో సామాను సగం కట్టి ఉంది, పక్కన ఇంకొక కూలీ ముడి వేస్తున్నాడు. ఎవరో దొర అటుగా పోయాడు. వాళ్ల నాన్న చెయ్యి సెల్యూట్‌కు లేచింది. పైవాడు ఎత్తేశాడు. ముడి వేస్తున్నవాడి కాలు వలలో చిక్కుకుని నలిగిపోయింది.

"మా నాయనను వచ్చిన ఓడలోనే తిరిగి పంపించినారు. ఆ కాలు పోయినాయన ఊరు గూడా మా నాయనకు తెలీదు. బతికినన్నాళ్లూ బెల్వెడేర్, బెల్వెడేర్ అని ఆ హెలికాప్టర్ కథలే చెప్పినాడు గానీ ఇది చెప్పల్యా. పోయేముందర నాకు ఒక్కనికే చెప్పినాడు. ఆ పొద్దు మా నాయనకు తోడు నిలబడేదానికి ఇంకొకడు ల్యాకపాయ. అందుకే, నీ పక్కన ఉంటి." అని లేచి బొమ్మను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నేను ఎట్లా ఆగిపోయే ఇంజన్నే. అలిసిపోయినా. నువ్వు తిరుగుతా ఉండు."

గ్లవ్ నాకు వదిలిపెట్టి వెళ్లాడు.

మూడేళ్లు రైసూత్‌లో చేసి, వీసా రద్దు కాగితాల కోసం ఆఖరిసారి సోహార్‌కు వచ్చాడు. కడపకు తిరుగు ప్రయాణం. పదకొండింటికి కంపెనీ బస్సు ఆయన్ను మస్కట్ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాలి. నాకు ఆ రోజే రెండు క్రేన్ల లిఫ్ట్ పడింది. బరువు గాలిలో ఉంది, గ్లవ్ నా చేతికి ఉంది. కంటి కొసన, ఎరుపు తెలుపు చారల టేపు కట్టిన హద్దు దగ్గర, సూట్‌కేసు పక్కన పెట్టుకుని నిలబడ్డ పొట్టి మనిషి కనిపించాడు. చెయ్యి గుండె మీద వేసుకున్నాడు.

"అస్సలాము అలైకుం!" గట్టిగానే అన్నాడు.

నేను తల తిప్పలేదు. హుక్కు మీదినుంచి కళ్లు తీయలేదు. నా చెయ్యి లేవలేదు. బస్సు హారన్ కొట్టింది. బరువు దిగేసరికి హద్దు దగ్గర ఎవరూ లేరు.

గ్లవ్ తీసి వెంటనే ఫోన్ చేశాను. బస్సులో ఉన్నాడు. "వ అలైకుం సలాం ఉస్తాద్. పదకొండింటిది" అన్నాను. అవతల చాలాసేపు నవ్వాడు. అంత నవ్వు ఆయన దగ్గర ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"చూస్తి రా. కదల్యా నువ్వు. ఏం కదల్యా." అన్నాడు. "అయితే ఫోన్‌లో చెల్లదు. నేను ఎవరికైనా ఫోన్‌లో చెప్పినానా? గ్లవ్ తీసి, ఎదరకొచ్చి చెప్పల్ల. కడపకు రా. అంతదాకా నీ మీదనే ఉంటాది."

"వచ్చే సెలవుల వస్త" అన్నాను.

ఆరేళ్లలో మూడు సెలవులు వచ్చాయి. కరీంనగర్ వెళ్లాను, ఇంటికి సున్నం వేయించాను, పళ్లు పీకించుకున్నాను, పెళ్లిళ్లకు వెళ్లాను. హైదరాబాద్ నుంచి కడపకు ఒక రాత్రి రైలు ప్రయాణం. ప్రతిసారీ ఒళ్లు అలిసి ఉండేది. వచ్చేసారి చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "నా సలాం యాడిదాకా వచ్చింది?" అని అడిగేవాడు. దారిలో ఉందని చెప్పేవాణ్ణి. నవ్వేవాడు. ఈ ఏడాది మాత్రం అడగలేదు. నేను దాన్ని గమనించను కూడా లేదు, అందుకు నన్ను నేను క్షమించుకోలేను.

ఇదంతా ఆ స్టూలు మీదే కూర్చుని తలుచుకున్నాను. కూలర్ పైన, బొమ్మ ఉన్నచోట టేపు గుర్తులు నాలుగు ఇంకా ఉన్నాయి. కంటైనర్‌లోకి వచ్చినవాడల్లా సలాం, నమస్తే అని పోతున్నాడు. కాసేపటికి ఆయన కూతురికి ఫోన్ చేశాను. మట్టి ఇచ్చేది మధ్యాహ్నం నమాజు తరవాత అంది. ఎవరు ఎంత ఉరికినా అందుకోలేని టైము.

"నాయన జేబులో పెట్టుకునే హెలికాప్టర్ బొమ్మను ఏం చెయ్యల్లో చెప్పన్నా" అని అడిగింది.

"మీ దగ్గర్నే ఉంచుండమ్మా. నేనొచ్చి చూస్త" అన్నాను. అని, నా మాటకు నాకే సిగ్గేసింది.

బయటికి వచ్చాను. ఎండ నడినెత్తిన ఉంది. క్రేన్లు రెండూ బూములు చాచి ఖాళీ హుక్కులతో నిలబడి ఉన్నాయి, ఆపరేటర్లు ఇంకా క్యాబిన్లలోనే ఉన్నారు. గ్లవ్ జేబులో పెట్టుకుని ఎరుపు తెలుపు టేపు దాకా నడిచాను. అవతల ఎవరూ లేరు. బస్సులు నిలబడే చోటు, దుమ్ము, అంతే.

గుండె మీద చెయ్యి వేసుకున్నాను. అది చాలనిపించలేదు. మా గల్లీలో లాగా నుదుటిదాకా ఎత్తాను.

"వ అలైకుం సలాం, ఉస్తాద్. ఆరేళ్ల కిందిది. పదకొండింటిది."

పైన ఆపరేటర్లిద్దరూ చూస్తూనే ఉన్నారు. లేచిన చేతికి గ్లవ్ లేదు. ఎవరూ ఏమీ ఎత్తలేదు.